ఏ నగరం మేలన్నది కాదు ప్రశ్న

లా చదివిన మన బిడ్డలకు గుంటూరు మేలా, విజయవాడ మేలా అని పెద్దలు తర్కిస్తుంటారు. విజయవాడలో వ్యాపార వ్యాజ్యాలు మెండు. గుంటూరుకు పల్లెల భూతగాదాలే ఆధారం. 2019లో హైకోర్టు అమరావతికి రావడంతో ఇరు నగరాలలోనూ ఆశలు పెరిగాయి.

అయితే తొలి మూడేళ్లు జూనియర్‌కు కూడు పెట్టేదెవరు? పట్టణాలలో నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. అది సిఫారసే, శాసనం కాదు. ఇంటి అండ ఉన్నవాడు నిలుస్తాడు. ఆటో కార్మికుని బిడ్డ నల్లకోటు మడిచి పెట్టె అడుగున దాచుకుంటాడు.

ఆ సిఫారసును శాసనం చేయమని ప్రభుత్వాన్ని నిలదీద్దాం. అంతవరకు ప్రతి మసీదు కమిటీ ఒక్క జూనియర్‌కైనా, ముఖ్యంగా ఆడబిడ్డకు, మూడేళ్ల భృతి భరించాలి. రేపు మన వ్యాజ్యాలకు వకీలు కావాలంటే నేడు వారిని నిలబెట్టుకోవలసింది మనమే.