మా కథకు ఎవరి కొలబద్ద?

కథను కొలిచే బద్ద ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్న అడక్కుండా కథాశిల్పం గురించి ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లతో మాకు పేచీ ఉంది.

మేమూ బి.ఏ. చదివినవాళ్లమే. ఇతివృత్తం, పాత్రచిత్రణ, వాతావరణం, దృష్టికోణం, సంభాషణ, శైలి. ఈ పాఠం మాకూ చెప్పారు. ఇంట్లో ఉర్దూ అఫ్సానాలు చదువుకుంటుంటే అవే మాకు పలాట్, కిర్దార్, ఫిజా, నుక్తయె నజర్, మకాలిమా అయినాయి. చిన్నకథ పాఠకుడి మీద ఒకే ఒక్క ముద్ర వేయాలని 1842లో ఎడ్గార్ అలన్ పో అన్నాడు. ఉర్దూ విమర్శలో దాని పేరు వహ్దతె తాస్సుర్. వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘కథాశిల్పం’ పుస్తకానికి 1999లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కథ రాయాలనుకునే తెలుగువాళ్లు ఇవాళ్టికీ ఆ పుస్తకం వెతుక్కుని చదువుతారు. మేమూ చదివాం. పాఠంతో మాకు తగవు లేదు. పాఠాన్ని లాఠీగా పట్టుకున్నవాళ్లతోనే తగవు.

ఎందుకో చెప్తాం.

ఎల్లారెడ్డిలో మా ఎరుకలో ఉన్న ఒక పిల్ల కథ రాసింది. వాళ్లమ్మ బీడీలు చేస్తుంది. నిజామాబాద్ నుంచి విడిపోయి 2016లో కామారెడ్డి జిల్లా అయింది గాని, బీడీల చాట మాత్రం ఇక్కడి ఆడవాళ్ల ఒడిలోంచి దిగలేదు. కథ కూడా ఆ చాట చుట్టూనే తిరుగుతుంది. బాప్ దుబాయిలో ఉన్నాడు. ఆ నెల పైసలు రాలేదు. అసర్ అజాన్ అయ్యేలోగా వెయ్యి బీడీలు, అంటే నలభై కట్టలు, కట్టి అప్పజెప్పాలి. అమ్మీ అప్పజెప్పి వస్తుంది. కట్టలు చూసేవాడు ఆరు కట్టలు బాగాలేవని పక్కకు తీసేశాడు. వాటికి కూలి లేదు. ఇంటికొచ్చాక బిడ్డ అడుగుతుంది, ఎన్ని తీసిండ్రని. అమ్మీ అంటుంది: “ఏక్ బీ నై నికాలే బేటా, తూ పడ్లే.” అంతే. కథ అయిపోయింది.

ఆ పిల్ల దాన్ని ఒక పత్రికకు పంపింది. కథ తిరిగొచ్చింది. వెంట ఒక ఉత్తరం. అందులో నాలుగు లోపాలు చూపించారు. సంఘర్షణ లేదు. పతాక సన్నివేశం లేదు. ఉర్దూ మాటలు మరీ ఎక్కువ. అసలు ముస్లిం జీవితమే కనిపించలేదు.

ఒక ఆదివారం కామారెడ్డిలో పదిమందిమి కూచుని ఆ కథనూ ఆ ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివాం. ఆ నాలుగు మాటలకూ మా జవాబు ఇది.

సంఘర్షణ లేదన్నారు. ఆరు కట్టల కూలి పోవడం సంఘర్షణ కాదా? ముస్లిం కథ అనగానే మీరు కత్తులు, కర్ఫ్యూ, తలాక్ కోసం వెతుకుతారు. అవి లేకపోతే ఏమీ జరగలేదంటారు. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘న్యూ బాంబే టైలర్స్’లో ఏ అల్లరీ లేదు. కుట్టు తెలిసిన చేతులున్నాయి, రెడీమేడ్ బట్టల దుకాణం ఉంది. ఆ రెంటి మధ్య ఒక మనిషి బతుకు చితికిపోవడం ఉంది. అది సంఘర్షణ అయినప్పుడు ఇదెందుకు కాదు?

పతాక సన్నివేశం లేదన్నారు. అమ్మీ ఆడిన అబద్ధం ఏమిటి మరి? ‘ఒక్కటి కూడా తీయలేదు’ అన్న చోటే కథ మొత్తం బిగుసుకుంది. తీసేసింది ఆరు కట్టలని పాఠకుడికి తెలుసు, బిడ్డకు తెలియదు. తల్లి తన అవమానాన్ని బిడ్డ చదువుకు అడ్డం రానివ్వలేదు. పో అడిగిన ఆ ఒక్క ముద్ర ఇక్కడే పడింది. ఏడ్చి గుండె బాదుకుంటేనే పతాక సన్నివేశమా? మా ఇళ్లల్లో పెద్ద మాటలన్నీ గొంతు తగ్గించే చెప్తారు. ఆ తగ్గిన గొంతు వినపడకపోతే చెవిని అనుమానించాలి గాని కథను కాదు.

ఉర్దూ మాటలు ఎక్కువన్నారు. ‘అసలు ముస్లిం జీవితమే కనిపించలేదు’ అని రాసినప్పుడు ఆ ‘అసలు’ ఎక్కడిదనుకున్నారు? అరబ్బీ నుంచి వచ్చింది. జవాబు, ఖర్చు, తారీఖు, దుకాణం, కుర్చీ, వకీలు, రైతు, పహాణీ. ఇవన్నీ తీసేసి ఒక్కరోజు కచేరీలోనో కిరాణా కొట్లోనో తెలుగు మాట్లాడి చూడండి. మీ నోట్లో ఉన్నప్పుడు తెలుగు, మా నోట్లోకి రాగానే ఉర్దూ! ఇదేం లెక్క?

ఇంకో బాధ ఉంది, రెండు భాషల్లో పనిచేసే మాలాంటివాళ్లకే తెలిసే బాధ. అమ్మీ మాట్లాడింది కితాబుల ఉర్దూ కాదు, దక్ఖనీ. ఉర్దూవాళ్ల దగ్గరికి పోతే, ఇది సరైన జబాన్ కాదు, ‘నై నికాలే’ ఏమిటని ముక్కు విరుస్తారు. హైదరాబాద్ నగరం కట్టించిన కులీ కుతుబ్‌షా 1600 ప్రాంతాల్లో గజళ్లు రాసిన భాష అది. ఇటువాళ్లు ఉర్దూ అని తోసేస్తే అటువాళ్లు ఉర్దూ కాదని తోసేస్తారు. మా అమ్మీలు ఏ భాషలో నోరు విప్పాలి? ఆ ఒక్క వాక్యాన్ని శుద్ధ తెలుగులోకి మారిస్తే అబద్ధం మిగులుతుంది, ఆ అబద్ధంలోని ప్రేమ పోతుంది. సంభాషణ అనే అంశానికి అర్థం ఇదే కదా, మీరు చెప్పిన పాఠంలోనే.

చివరిది అన్నింటికన్నా దారుణం. ముస్లిం జీవితం కనిపించలేదట! బుర్ఖా లేదు, ఖవ్వాలీ లేదు, బిర్యానీ లేదు కాబట్టి. మీ కథల్లో అజాన్ సాయంత్రపు దిగులుకు వెనక సంగీతం. ఈ కథలో అజాన్ గడియారం. అది వినపడేసరికి చేతిలో పని అయిపోవాలి. వాతావరణ చిత్రణ అంటే బొమ్మకు రంగు పూయడమా, మనిషి ఒంటి మీద కాలం బరువు పెట్టడమా? బయట నిలబడి చూసేవాడికి మసీదు మినార్లు కనబడతాయి. ఇంట్లో ఉన్నవాళ్లకు చాటలో ఆకు ఎంత మిగిలిందో కనబడుతుంది. దృష్టికోణం అంటే ఇంతే.

తెలుగు కథ కళ్లు తెరిచిన రోజుల్లోనే గురజాడ ‘పెద్దమసీదు’ రాశారు. మసీదు మన కథలోకి అంత తొందరగా వచ్చింది. మసీదు వెనక సందులోని ఇల్లు రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. ఈ మధ్యలో సాయిబు రాలేదని కాదు. వచ్చీరాని తెలుగుతో నవ్వించడానికి వచ్చాడు, నమ్మకస్తుడిగా ప్రాణాలివ్వడానికి వచ్చాడు, కత్తి పట్టుకుని భయపెట్టడానికి వచ్చాడు. ఫార్‌స్టర్ 1927లో ఫ్లాట్ పాత్రలని పేరుపెట్టింది ఇలాంటివాటికే. మరి మాకు పాత్రచిత్రణ రాదంటారేం?

ముస్లింలే ముస్లింల గురించి రాయాలని మేము అనడం లేదు. నెల్లూరి కేశవస్వామి ముస్లిం కాదు. ఆయన ‘చార్మినార్’ కథలు చదవండి. ఉర్దూ తెలిసిన మనిషి, మా గడప లోపలి మర్యాద తెలిసిన మనిషి. లోపలికొచ్చి కూచుని రాశాడు. 1999లో ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ వచ్చాయి. 2004లో స్కైబాబ ‘వతన్’ సంకలనం తెచ్చాడు. ఒక పిల్లవాడి కంటితో ఇల్లంతా చూపించవచ్చని, ఫుట్‌నోట్లు లేకుండానే పాఠకుడు మా మాటలు పట్టుకుంటాడని ఆ కథలు రుజువు చేశాయి. ఆ తర్వాత కూడా మమ్మల్ని శిల్పం పేరుతో గడప బయట నిలబెడితే ఎట్లా ఊరుకుంటాం?

మావాళ్లకూ రెండు మాటలు చెప్పాలి. మా బాధే మా శిల్పం అని కొందరు తప్పించుకుంటున్నారు. కుదరదు. నినాదం కథ కాదు. మన మగ రచయితల కథల్లో అమ్మీ ఎప్పుడూ పొయ్యి ముందర కన్నీళ్లు తుడుచుకుంటూనే ఉంటుంది. ఆమెకు తెలివి లేదా, కోపం లేదా, లెక్క రాదా? పెద్దింటి దాలానూ దస్తర్‌ఖానూ మాత్రమే ముస్లిం జీవితమైతే దూదేకుల ఇల్లు, ఫకీరు గుడిసె, కసాయి కొట్టు ఎవరు రాస్తారు? మన కొలబద్ద కూడా ఎవరి చేతిలో ఉందో మనమూ అడుక్కోవాలి.

సెక్యులర్ మిత్రులారా, మాకు రాయితీ మార్కులు వద్దు. కథను కథగానే విప్పి చూడండి. ఎవరి కంటితో చూస్తున్నది, పోగొట్టుకున్నది ఏమిటి, మాట ఎవరి నోటిది, చెప్పకుండా వదిలేసింది ఏమిటి, చివర్లో గుండెకు తగిలింది ఏమిటి? ఈ ఐదూ అడిగాక కథ బాగాలేదంటే తలొంచుకుని వింటాం. అడక్కుండా పక్కకు తీసేస్తే, కట్టలు తీసేసేవాడికీ మీకూ తేడా ఏముంది?

ఎల్లారెడ్డి పిల్ల రెండో కథ ఇంకా రాయలేదు. మొన్న వాళ్లమ్మ అడిగిందట, పత్రికవాళ్లు ఏమన్నారని. ఏమీ అనలేదమ్మీ అని చెప్పిందట.