శాలువా సరే, పింఛను మాటేమిటి?

ఏటా ఆగస్టు 15న, మళ్లీ డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం నాడు, మన సంఘాలు మాజీ సైనికులను వేదికపైకి పిలిచి శాలువాలు కప్పుతున్నాయి. 1948లో ఝంగడ్ వద్ద నేలకొరిగిన బ్రిగేడియర్ ఉస్మాన్‌ను, 1965లో అసల్ ఉత్తర్ వద్ద శత్రు ట్యాంకులకు ఎదురునిలిచి పరమవీర చక్రకు అర్హుడైన అబ్దుల్ హమీద్‌ను తలచుకోకుండా ఆ సభలు ముగియవు. తలచుకోవలసిందే. కాని వెనుక వరుసలో కూర్చున్న సైనికుని భార్యకు పింఛను సక్రమంగా అందుతున్నదా అని వేదిక మీది పెద్దల్లో అడిగినవారెందరు?

సైనిక కుటుంబాలకు మన స్వచ్ఛంద సేవ మొదలు కావలసింది అక్కడే. మన ఇళ్లలో ఈ చిక్కు తరచుగా పేరు దగ్గరే పుడుతుంది. ‘షేక్’ అన్న ఒక్క మాటనే ఇంగ్లీషులో నాలుగు విధాలుగా రాస్తారు. డిశ్చార్జి బుక్‌లో ‘మస్తాన్ బీ’ అని ఉన్న భార్య పేరు ఆధార్‌లో ఇంటిపేరుతో కలిసి మరొక రూపం దాలుస్తుంది. ఎక్కడో ఒక గుమాస్తా చేతిలో ‘బేగం’ కూడా అవుతుంది. భర్త బతికి ఉన్నంతకాలం దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఆయన కన్నుమూసిన తరువాత, ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని రుజువు చేసుకొనే భారం ఆమెపై పడుతుంది. రికార్డు కార్యాలయం జబల్‌పూర్‌లోనో నాసిక్‌లోనో ఉంటుంది. ఉత్తరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో వస్తాయి. ఆమెకు వచ్చినవి తెలుగూ, ఇంట్లో మాట్లాడే ఉర్దూ మాత్రమే.

పైగా అది ఇద్దత్ కాలం. నాలుగు నెలల పది రోజులు ఆమె గడప దాటడానికి సంకోచిస్తుంది. కుటుంబ పింఛను దరఖాస్తు, మరణ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా మార్పు అన్నీ సరిగ్గా ఆ రోజుల్లోనే చూసుకోవలసి ఉంటుంది. అందువల్ల ఈ పనికి ముందుగా కావలసినది ఆ ఇంటికి వెళ్లి, పక్కన కూర్చొని, కాగితాలు చదివి వినిపించగల చదువుకున్న ఆడపిల్లలు. మన ఊళ్లలో డిగ్రీలు పూర్తిచేసి ఇంట్లో ఉంటున్న అమ్మాయిలు ఎందరో ఉన్నారు. వారిని ఇంతవరకు ఏ సంఘమూ ఈ పనికి పిలిచినట్లు మాకు కనిపించలేదు.

మిగిలిన పనులు ఇంతకన్న తేలిక. పింఛనుదారు ఏటా జీవన ధ్రువపత్రం సమర్పించాలి. వేలిముద్రలు అరిగిపోయిన వృద్ధులకు ఫోనులో ముఖాన్ని చూపి ఆ పని ముగించే వీలుంది. సాయానికి పక్కింటి కుర్రవాడు చాలు. పింఛనుకు తగినంత సర్వీసు లేక ఖాళీ చేతులతో తిరిగివచ్చిన సైనికులూ ఉన్నారు. అటువంటివారిలో 65 ఏళ్లు దాటి, ఏ ఆదాయమూ లేనివారికి, వారి వితంతువులకు కేంద్రీయ సైనిక బోర్డు ద్వారా అందే సహాయం 2025 నవంబరు నుంచి నెలకు 4,000 రూపాయల నుంచి 8,000 రూపాయలకు పెరిగింది. దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పెట్టుకోవాలి. ఈ కబురు ఎన్ని మస్జిదుల్లో జుమా తరువాత వినిపించింది?

దీనికోసం మరో ముస్లిం సంఘం స్థాపించాలని మేము అనడం లేదు. అధ్యక్ష, కార్యదర్శి పదవులతోనే దాని శక్తి హరించుకుపోతుంది. జిల్లాల్లో మాజీ సైనికుల సంఘాలు ఇప్పటికే ఉన్నాయి. సైనిక కుటుంబాల న్యాయ సహాయానికి జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ 2025లో ప్రత్యేక పథకాన్ని ప్రారంభించింది. మన యువతీయువకులు వాటితో కలిసి పనిచేయాలి. అక్కడికి వచ్చే వితంతువు ఏ మతస్థురాలైనా ఆమె కాగితాలనూ అంతే శ్రద్ధగా చూడాలి.

మరొక మాట. ఈ సేవను మన దేశభక్తికి రుజువుగా ఎవరి ముందూ పెట్టవద్దు. అస్సాంకు చెందిన మొహమ్మద్ సనావుల్లా మూడు దశాబ్దాలు సైన్యంలో పనిచేసి గౌరవ కెప్టెన్ హోదాతో విరమించారు. అటువంటి వ్యక్తిని 2019లో ట్రిబ్యునల్ విదేశీయుడిగా ప్రకటించింది. గౌహతి హైకోర్టు బెయిలు ఇచ్చేవరకు ఆయన నిర్బంధ కేంద్రంలో గడిపారు. తొడుక్కున్న యూనిఫారం ఆయనను ఆ గదినుంచి కాపాడలేదు. పింఛను సైనికుడు తన శ్రమతో సంపాదించుకొన్న హక్కు. పౌరసత్వానికైతే ఆపాటి అర్హత కూడా అక్కరలేదు.

జీవన ధ్రువపత్రాలు సమర్పించే నవంబరు రాకముందే ప్రతి మస్జిద్ కమిటీ తన పరిధిలోని మాజీ సైనికుల ఇళ్లను గుర్తించి, డిశ్చార్జి బుక్‌లో భార్య పేరు ఎలా ఉందో, ఆధార్‌లో ఎలా ఉందో పక్కపక్కన రాసి చూడాలి. తేడా ఉంటే, భర్త జీవించి ఉండగానే రికార్డు కార్యాలయానికి ఆయన చేతనే దరఖాస్తు పెట్టించాలి.