ఒక కన్ను మూసి చూడండి

కళ్ళతో చూస్తున్నామనుకుంటాం గానీ, కన్ను పంపిన సంకేతాలను బొమ్మగా కూర్చేది మెదడే. 1981లో నోబెల్ బహుమతి అందుకున్న హ్యూబెల్, వీసెల్ పిల్లికూనల ఒక కన్నును కొన్ని వారాలు మూసి ఉంచారు. తెరిచాక కన్ను బాగానే ఉంది, దాంతో చూపు మాత్రం లేదు. మెదడు దాన్ని వదిలేసింది! పెద్ద పిల్లులకు అలా కాలేదు.

పిల్లల్లోనూ ఒక కన్ను మసకగా ఉంటే మెదడు రెండోదానితోనే పని కానిస్తుంది. ఆ సంగతి పిల్లవాడికే తెలియదు. నాకు ఇంటర్‌లో తెలిసింది, అప్పటికే ఆలస్యమైంది. చిన్నప్పుడే అద్దాలు పెట్టి, మంచి కన్నును రోజూ కాసేపు మూస్తే చూపు చాలావరకు మెరుగుపడుతుంది. అందుకే మూడో తరగతిలో చేరే తమ్ముళ్ళకు మొదటి వారంలోనే ఒక్కో కన్నుకూ విడిగా పరీక్ష చేయించాలి. ట్రంకుపెట్టె, దుప్పటి, కంచం లెక్క చూసుకున్నంత శ్రద్ధగా.