దేవుడి ఇంట్లో దొమ్మరాటా?

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో సెయింట్ పాల్స్ చర్చి చూసి వచ్చాక, లోపల తీసిన ఫొటోలు గుంటూరులో మావాళ్లకు చూపించాను. పైనుంచి వేలాడే ట్రపీజు కడ్డీ, నేల మీద మందపాటి పరుపులు, రెండు పక్కలా పాత స్తంభాలు. పెదనాన్నగారు ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, "దేవుడి ఇంట్లో దొమ్మరాటా?" అన్నారు. గదిలో ఉన్నవాళ్లంతా అవునన్నట్టు తలలూపారు. నేనప్పుడు ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

సర్కస్ వచ్చి ప్రార్థనను బయటికి నెట్టిందని ఆ మాటకు అర్థం. జరిగింది అది కాదు. పోర్ట్‌లాండ్ స్క్వేర్‌లోని ఆ చర్చి 1794లో పూర్తయింది. అంచెలంచెలుగా సన్నబడే గోపురాన్ని చూసి ఊరివాళ్లు దాన్ని పెళ్లి కేకు చర్చి అంటారు. కాలక్రమంలో ఆరాధనకు వచ్చేవాళ్లు కరువై 1988లో మూతపడింది. సర్కోమీడియా అనే సర్కస్ పాఠశాల అందులో అడుగుపెట్టింది 2005లో. మధ్యలో 17 ఏళ్లున్నాయి. 2000లో పాత చర్చిలను కాపాడే చర్చెస్ కన్సర్వేషన్ ట్రస్ట్ దాని బాధ్యత తీసుకుంది, లాటరీ నిధి డబ్బుతో మరమ్మతులు జరిగాయి. బ్రిటన్‌లో ఇలా మూతపడ్డ చర్చిలు కొన్ని అపార్ట్‌మెంట్లయ్యాయి, కొన్ని పబ్బులయ్యాయి. వాటి గురించి మా ఇంట్లో ఎవరూ నొచ్చుకోగా నేను వినలేదు. కెనడాలో క్యుబెక్ నగరంలోనూ ఒక పాత చర్చిలో సర్కస్ బడి నడుస్తోంది. ఎత్తైన కప్పు, అడ్డులేని నడిమి భాగం ఉన్న కట్టడం ఊళ్లో మరెక్కడ దొరుకుతుంది?

ఇదంతా తెలియక అన్న మాట, సరిదిద్దితే సరిపోతుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టింది 'దొమ్మరాట' అన్న మాట పలికిన తీరు.

ఊరి మధ్య గడ పాతి, దాని కొసన పొట్ట ఆనించి గిరగిరా తిరిగిన మనిషి మనకు తెలుసు. కింద డోలు కొడుతున్నది ఆమె భర్తో, అన్నో. జారితే పట్టుకోవడానికి వల లేదు. గుప్పెడు బియ్యం, ఒక పాత బట్ట ఇచ్చి పంపేశాం. పోతే పోనీ, దొమ్మర అన్న ఆ కులం పేరునే తిట్టుగా మార్చుకున్నాం. గుండెల మీద ఏనుగును మోసిన కోడి రామ్మూర్తి నాయుడుగారు సొంత సర్కస్ కంపెనీ నడిపారు. ఆయన్ని కలియుగ భీముడన్నాం. చేసింది ఇద్దరూ ఒళ్లు పణంగా పెట్టే పనే. ఒకరికి బిరుదు, ఒకరికి తిట్టు. ఇది ఏ బైబిలు వాక్యం ప్రకారం న్యాయం?

మన సర్కసుల్లో ఘోరాలు జరిగాయి, కాదనను. పసిపిల్లల్ని తెచ్చి డేరాల్లో మగ్గబెట్టారు. సర్కసుల్లో పిల్లల చేత పని చేయించకుండా ఆపమని 2011లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. సర్కస్‌కు బడి కావాలనడానికి అదే కారణం. డేరాలో పుట్టినందుకో, అమ్ముడుపోయినందుకో కాకుండా, కోరి వచ్చి నేర్చుకునే చోటు అది. బ్రిస్టల్ బడిలో నేను చూసిన అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయి. నడుముకు బెల్టు, బెల్టుకు తాడు, తాడు రెండో కొస కింద ఇంకొకరి చేతిలో. ఒకే మలుపును ఆమె పదకొండుసార్లు తప్పింది. నేను లెక్కపెట్టాను. తప్పిన ప్రతిసారీ తాడు బిగిసింది, ఆమె మెల్లగా పరుపు మీదికి దిగింది, మళ్లీ ఎక్కింది. కింద ఉన్నతను ఒక్కసారైనా చూపు తిప్పలేదు. ఇన్నేళ్ల చర్చి ఆరాధనల్లో నేను అంత ఏకాగ్రతతో ఎన్నిసార్లు కూర్చున్నానో చెప్పడానికి నాకు నోరు రాదు.

పెదనాన్నగారూ, రెండవ సమూయేలు ఆరో అధ్యాయం మీకు కంఠతా వచ్చు. మందసం యెరూషలేముకు వస్తుంటే దావీదు రాజునన్న సంగతి మరిచి దేవుడి ముందు గంతులేశాడు. సౌలు కూతురు మీకాలు కిటికీలోంచి చూసి, మనసులో అతన్ని హీనంగా తలచింది. సండే స్కూల్లో ఈ కథ మాకు చెప్పింది మీరే. అప్పుడు మీరు మమ్మల్ని మీకాలు పక్కన నిలబడమనలేదు.