ఖాళీ డ్రమ్ము ఖాళీ కాదు



సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములందు కాపురముండు స్త్రీలకు ప్రమాదమను మాట క్రొత్తది కాదు. 2025 జూన్ 30వ తేదీ ఉదయమున పాశమైలారములోని సిగాచి కర్మాగారమునందు ప్రేలుడు సంభవించి 40 మందికి పైగా మరణించిరి. ఉదయమున పనికి వెళ్లినవారు ఇల్లు చేరకపోవుట యెట్టిదో ఆ కుటుంబములకే తెలియును. కర్మాగారము లోపలి భద్రత యజమానుల బాధ్యత; దానిని కనిపెట్టియుండుట ప్రభుత్వపు బాధ్యత. కాని కర్మాగారములోని వస్తువు మన గడప దాటి లోనికి వచ్చునపుడు దానిని ఆపవలసినవారము మనమే. అట్టి వస్తువు నొకదానిని గూర్చి ఈ నెల ముచ్చటింతము. అది మనము నీరు నిలువచేసికొను నీలిరంగు డ్రమ్ము.

ఈ డ్రమ్ము మన యిండ్లకు ఊరక రాలేదు. పారిశ్రామికవాడల వ్యర్థజలములు నక్కవాగున గలిసి మంజీర వైపునకు ప్రవహించి, దారిలోని బావులను, బోర్లను చెఱచినవి. 1990లో ఈ విషయము సుప్రీంకోర్టు వఱకు వెళ్లినది. చెడిన బోరునీటిని కాచి త్రాగిన చాలునని కొందఱి నమ్మకము. కాచుటవలన క్రిములు చచ్చునుగాని లోహములు, లవణములు పోవు. నీరు ఆవిరియైన కొలది అవి మఱింత చిక్కనగును. కావున కుళాయి నీటికొఱకో, టాంకరు కొఱకో ఎదురుచూచి, వచ్చిన నీటిని పట్టి దాచుకొనక తప్పదు. దాచుటకు పెద్ద పాత్ర కావలెను. పాతసామానుల దుకాణమున డ్రమ్ము చవుకగా దొరకును. మంచినీటికై పడిన పాట్లన్నియు ఆ పాత్రయొద్దనే వ్యర్థమగుచున్నవి.

మా పెరటిలోను ఇట్టి డ్రమ్మొకటి మూడేండ్లు ఉండెను. ఒకనాడు మా కోడలు దానిని బోర్లించి తోముచు, అడుగున అంటియున్న కాగితపు ముక్కను నాకు జూపెను. అక్షరములు చెరిగిపోయినవి గాని, ఎఱ్ఱని అంచుగల చతురస్రము కోణముపై నిలిచినట్లున్న గుర్తు సగము మిగిలియుండెను. "అత్తయ్యా, దీనిలో మొదట ఏమి పోసియుండిరో?" అని ఆమె అడిగెను. నాకు జవాబు తోచలేదు. ఆ మూడేండ్లును మేము ఆ నీటితోనే అన్నము వండుకొంటిమి. పిల్ల సంబంధము వచ్చినపుడు ఇంటిపేరు, గోత్రము, మేనమామల వంశము వఱకు విచారించు మేము, ఇంటిల్లిపాది త్రాగు నీటిపాత్ర ఎక్కడనుండి వచ్చినదని ఒక్కమాటయైన అడిగియుండలేదు.

"సబ్బుతో నాలుగుమారులు కడిగితిమి, వాసనయైన లేదు" అని పొరుగమ్మలు చెప్పుదురు. ఇత్తడి బిందెవలె ప్లాస్టిక్కు పైపైన మాత్రమే మలినపడునది కాదు. ద్రావకములు, పురుగుమందులు మొదలగునవి దాని గోడలోనికే ఇంకును. సబ్బు పైపొరను మాత్రమే కడుగగలదు. లోనికి ఇంకినది తరువాత కొంచెము కొంచెముగా నీటిలోనికి దిగును. ఎండలో డ్రమ్ము వేడెక్కినపుడు మఱింత త్వరగా దిగును. వాసన లేనంతమాత్రమున విషము లేదనుకొనరాదు. డ్రమ్ము అడుగున త్రికోణములో 2 అను అంకె యుండిన మంచిదని చెప్పువారును గలరు. ఆ అంకె ప్లాస్టిక్కు జాతిని మాత్రమే తెలుపును. అందులో ఏమి పోసిరో తెలుపదు. ప్రమాదకర వ్యర్థములను గూర్చిన 2016 నాటి కేంద్ర నిబంధనలు, రసాయనములు అంటిన ఖాళీ పీపాలను సైతము ఆ వ్యర్థముల పట్టికయందే చేర్చినవి. చట్టము వ్యర్థమన్నదానిని మనము మంచినీటిపాత్ర యనుకొనరాదు.

ఇక చేయవలసినది. పూర్వచరిత్ర తెలియని డ్రమ్ములో త్రాగునీరు, వంటనీరు, బియ్యము, పప్పు ఉంచరాదు. పశువులకు నీరు పెట్టరాదు. ఆహారపదార్థములకు తగినదని గుర్తుగల క్రొత్త డ్రమ్మునే కొనవలెను. ఒక్కసారిగా కొనుటకు చేయి ఆడనివారు త్రాగుటకు, వంటకు వలయు నీటినైనను స్టీలు బిందెలలో, మట్టికుండలలో వేఱుగా పట్టుకొనవలెను. పాత ప్లాస్టిక్కు డ్రమ్మును మఱల అమ్మినచో అది మఱియొక ఇల్లాలి పెరటికి చేరును. కావున దానికి అడుగున రంధ్రములు పొడిచి పనికిరాకుండ చేయుడు. దానిని పొయ్యిలో కాల్చరాదు. ఇనుప డ్రమ్మునైతే తొట్టిగా, పొయ్యిగా కోయింపవలెనని తలపకుడు. లోపల మిగిలిన ఆవిరికి కోతయంత్రపు నిప్పు తగిలిన అది బాంబువలె ప్రేలును. ఏ డ్రమ్మునకైనను గట్టి మూత యుండవలెను. తొంగిచూచిన పసిబిడ్డ తలక్రిందుగా పడిన తిరిగి పైకి రాలేదు.

డ్రమ్మునకు తమ్ముడు శీతలపానీయపు సీసా. స్నానపుగది కడుగు ఆసిడు, ఫినాయిలు, కర్మాగారమునుండి తెచ్చిన ద్రావకము, వీనిని అట్టి సీసాలలో పోయుట మన యిండ్లలో సామాన్యము. బిడ్డ చదువునది లోపలి ద్రవమును గాదు, సీసా ఆకారమును. దేని సీసాలో దానినే, తాళమువేసిన అలమరలో ఉంచవలెను. పొరపాటున బిడ్డ త్రాగినచో ఉప్పునీరు పోసి కక్కింపరాదు. ఆసిడు పైకి వచ్చుచు గొంతును రెండవమారు కాల్చును. కిరోసినువంటివి ఊపిరితిత్తులలోనికి పోవును. నోరు పుక్కిలింపజేసి, వెంటనే 108కి ఫోనుచేసి, ఆ సీసాను సైతము వైద్యునికి చూపవలెను.

మా డ్రమ్మునకు మఱునాడే రంధ్రములు పొడిచితిమి. ఆ మూడేండ్ల నీరు మాకేమి చేసినదో చెప్పజాలను. ఇకముందు త్రాగము, అంతియే. సాయంకాలము పనినుండి వచ్చినవారి చేతిలో క్రొత్త పాత్రగాని, సీసాగాని కనబడినప్పుడు మా కోడలు ఇప్పుడు గడపయొద్దనే నిలిచి అడుగుచున్నది: "ఇందులో మొదట ఏమి పోసిరి?" జవాబు లేని వస్తువు లోనికి రాదు. ఆ ప్రశ్న మీ యిండ్లలోను వినబడుగాక!