బొగ్గుకు రైలుంది, మనిషికి లేదు

ఇల్లెందు స్టేషన్‌లో ప్రయాణికుల రైలు ఆగిపోయి చాలా ఏళ్లైంది. కానీ పట్టాలకు తుప్పు పట్టలేదు. బొగ్గు గూడ్సులు నడుస్తూనే ఉన్నాయి. స్టేషన్ మూతపడింది మనుషులకే.

ఇది ఎట్ల జరిగిందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1871లో విలియం కింగ్ అనే దొర ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడని పుస్తకాల్లో రాస్తారు. ఆ నేల మీద కోయలు అంతకు ఎన్నో తరాల ముందు నుంచే బతుకుతున్నారు. 1886లో నిజాం సర్కారు తవ్వకం హక్కులను లండన్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి ఇచ్చింది. 1889లో తవ్వకం మొదలైంది. డోర్నకల్ నుంచి ఇల్లెందుకు పట్టాలు వేసింది ఆ బొగ్గు కోసమే. 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ ఆ కంపెనీ ఆస్తులను తీసుకుంది.

రైలు వచ్చాకే ఊరు పెరిగిందని, నౌకర్లు వచ్చాయని కొందరంటారు. అబద్ధమేం కాదు. కానీ ఆసుపత్రికో, కాలేజీకో, సంతకో పోయే మన మనిషి ఆ లెక్కలో ఎప్పుడూ రెండోవాడే. బొగ్గు ఉన్నంత కాలం పట్టాలు ఉంటాయి. మనిషి ఎక్కే రైలుకు ఆ హామీ లేదు.

ఇది పాత కథ అనుకోవద్దు. కొత్తగూడెంలో ఉన్న స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. అక్కడ దిగితే భద్రాచలం ఇంకో నలభై కిలోమీటర్లు. ఆ గుడి ఊరికి ఇప్పటికీ రైలు లేదు. అదే స్టేషన్ నుంచి సత్తుపల్లికి మాత్రం 54 కిలోమీటర్ల కొత్త లైను 2022లో సిద్ధమైంది. ఖర్చులో సింగరేణి కూడా వాటా పెట్టింది. ఎందుకు? సత్తుపల్లిలో బొగ్గుంది.

నిజాం కాలంలో గూడెం మాట అడగాలనే చట్టం లేదు. ఇప్పుడుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రాజెక్టు కోసం భూమి తీసుకునే ముందు గ్రామసభను గానీ, తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలని 1996 పెసా చట్టం చెప్తుంది. ఆ సంప్రదింపు వేలిముద్రల కాగితంగా మిగిలితే తప్పు సర్కారుదే. అయినా నష్టం మనది.

అందుకే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, రెండు పనులు చేద్దాం. ఇల్లెందుకు ప్రయాణికుల రైలు ఎప్పుడు ఆపారు, ఏ కారణం రాశారు, మళ్లీ నడపడానికి అడ్డమేంటి అని పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో రైల్వేను అడుగుదాం. ఇకమీద మన నేల మీద ఏ లైను వేస్తామన్నా, మనుషులెక్కే బండి కూడా నడవాలని గ్రామసభ తీర్మానంలో రాయిద్దాం.

మన నేల మీది పట్టాల మీద బొగ్గుకున్న హక్కు మనకెందుకుండదు?

జై ఆదివాసీ!