నడిస్తే ఆరోగ్యం, పరిగెత్తితే పిచ్చా?

పెళ్ళయి పిల్లలున్న ఆడది నడిస్తే ఆరోగ్యం, పరిగెత్తితే పిచ్చి. పైకి ఎవరూ ఒప్పుకోరు గానీ మన ఇళ్ళల్లో నడుస్తున్న రూలు ఇదే.

"వాకింగ్‌కి వెళ్ళొస్తా" అంటే ఎవరూ అడ్డు చెప్పరు. "వచ్చేటప్పుడు కొత్తిమీర తీసుకురా" అంటారు. నడకకి ఏదో ఒక పని తగిలించొచ్చు: పాలు, గుడి, పిల్లల స్కూలు బస్సు. పరుగుకి ఏ పనీ తగిలించలేరు. ఆ అరగంట అచ్చంగా మనదైపోతుంది. అసలు బాధ అక్కడే ఉందని నా అనుమానం. గర్భసంచి, మోకాళ్ళు, వయసు అన్నీ ఆ తర్వాత గుర్తొచ్చేవే.

మొదట గర్భసంచి. ఈ భయం మన అమ్మమ్మలది మాత్రమే కాదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు 800 మీటర్లు పరిగెత్తాక, అంత దూరం వాళ్ళ ఒంటికి తగదని ఆ పందేన్నే ఎత్తేశారు. మళ్ళీ పెట్టింది 1960లో. ఆడవాళ్ళ మారథాన్ 1984 దాకా రానేలేదు. ఇప్పుడు రెండూ మామూలు పందేలే. నిజంగా జాగ్రత్తపడాల్సిన వాళ్ళూ ఉన్నారు. కాన్పయ్యాక కనీసం మూడు నెలలు ఆగాలి. దగ్గినా తుమ్మినా మూత్రం పడుతున్నా, కింద బరువుగా అనిపిస్తున్నా ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఆ బాధతో పదేళ్ళు నెట్టుకొస్తున్నా పట్టించుకోని ఇంటికి, ఆవిడ బూట్లు కొన్న రోజే గర్భసంచి గుర్తొస్తుంది!

ఇక మోకాళ్ళు. చాలా అధ్యయనాలను కలిపి చూసి 2017లో అచ్చయిన ఒక పరిశీలనలో, సరదాకి పరిగెత్తేవాళ్ళలో మోకాలి, తుంటి కీళ్ళ అరుగుదల నూటికి 3.5 మందిలో కనిపించింది. కదలకుండా కూర్చునేవాళ్ళలో 10.2 మందిలో. పరుగే కాపాడిందని నేననను. పరిగెత్తితే అరిగిపోతాయన్న మాట మాత్రం నిలబడదు. ఇప్పటికే నొప్పి, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి.

"ఈ వయసులోనా?" అంటారా? 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ కుర్రాడు, యాభై దాటిన వాళ్ళమ్మని దృష్టిలో పెట్టుకునే ఒక పద్ధతి రాశాడు. వారానికి మూడు రోజులు, తొమ్మిది వారాలు. మొదటి వారం ఐదు నిమిషాలు గబగబా నడిచి, తర్వాత ఒక నిమిషం మెల్లగా పరుగు, ఒకటిన్నర నిమిషం నడక. ఇలా ఎనిమిది సార్లు, అంటే 20 నిమిషాలు. పక్కనున్న మనిషితో మాట్లాడగలిగేంత మెల్లగా పరిగెత్తితే చాలు. ఒక వారం కష్టమనిపిస్తే అదే వారం మళ్ళీ చేయొచ్చు.

ఒక నిమిషం! పాలు పొంగుతుంటే వంటింట్లోకి, బస్సు హారన్ కొడితే టిఫిన్ డబ్బాతో గేటు దాకా రోజూ పరిగెత్తేవాళ్ళమే మనం. ఇంటికోసం పరిగెత్తితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో పరుగు కష్టమే, ఒప్పుకుంటాను. ఫుట్‌పాత్ మీద బళ్ళు, బైకులు. కానీ ఎల్బీనగర్ వైపు విక్టోరియా మెమోరియల్ హోమ్ గ�్రౌండ్ ఉంది, సరూర్‌నగర్ చెరువు పక్క ఉంది. పొద్దున్నే అక్కడ చూడండి. అంకుల్ షార్ట్స్ వేసుకుని పరిగెత్తితే "ఫిట్‌గా ఉన్నారండీ" అంటారు. ఆంటీ చున్నీ నడుముకి బిగించి నాలుగడుగులు పరిగెత్తితే నవ్వుతారు. ఇదే మనుషులు, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మన వరంగల్ పిల్ల దీప్తి జీవాంజి 400 మీటర్ల పరుగులో కాంస్యం తెస్తే చప్పట్లు కొట్టారు.

మగవాళ్ళకి ఒక మాట. ఆవిడకి కావాల్సింది మీ మెచ్చుకోలు కాదు. మంచి బూట్ల జత, చివర్లో ఐదు నిమిషాల నడకతో కలిపి వారానికి గంటన్నర. ఆ మూడు పొద్దులూ ఉప్మా మీరు కలపండి. ఉండలు కట్టినా పిల్లలు తింటారు.

అక్కచెల్లెళ్ళకి ఒక మాట. పర్మిషన్ అడక్కండి, రోజులు చెప్పండి. "సోమ, బుధ, శుక్రవారాలు ఆరింటికి నేనుండను" అనండి చాలు.